కొత్త బండి, పాత ఆజ్ఞ

యెరూషలేముకు వెళ్లే దారిలో ఆ రోజు ముప్పై వేల మంది నడుస్తున్నారు. యుద్ధానికి కాదు, పండుగకు. రాజైన దావీదు దేశమంతటి నుండి ఏరి పిలిపించిన మనుషులు వారు. సితారాలు, తంబురలు, తాళాలు మోగుతున్నాయి. రాజే స్వయంగా దేవుని సన్నిధిలో ఆడుతూ పాడుతూ నడుస్తున్నాడు. మధ్యలో ఒక బండి. నిన్నమొన్న చేయించిన కొత్త బండి. దాని మీద దేవుని నిబంధన మందసం. ఏళ్ల తరబడి కిర్యత్యారీములో ఒక ఇంట్లో ఉండిపోయిన మందసం ఇన్నాళ్లకు రాజధానికి కదిలింది. ఇశ్రాయేలు చరిత్రలో ఇంతకంటే మంచి రోజు ఏముంటుంది?

నాకోను కళ్లం దగ్గరికి వచ్చేసరికి ఎద్దులు తడబడ్డాయి. బండి ఊగింది. పక్కన నడుస్తున్న ఉజ్జా చటుక్కున చెయ్యి చాపి మందసాన్ని పట్టుకున్నాడు. మరుక్షణం అక్కడే చచ్చిపడ్డాడు. పాటలు ఆగిపోయాయి. పండుగ కాస్తా శవయాత్ర అయింది. దావీదుకు ముందు కోపం వచ్చింది, ఆ తర్వాత భయం వేసింది. మందసాన్ని దగ్గర్లోని ఓబేదెదోము ఇంట్లో ఉంచి అందరూ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు (2 సమూయేలు 6 అధ్యాయం).

సండే స్కూలు పిల్లల నుండి సంఘ పెద్దల దాకా ఈ భాగం చదివిన ప్రతివారూ అడిగే ప్రశ్న ఒకటే. ఉజ్జా చేసిన తప్పేమిటి? పడిపోతున్నదాన్ని పట్టుకోవడం తప్పా? పట్టుకోకుండా వదిలేస్తే మాత్రం తప్పు కాదా? ఈ ప్రశ్నను మెత్తగా దాటేసే ప్రసంగాలు చాలానే ఉన్నాయి. ఉజ్జా మనసులో ఏదో దురుద్దేశం ఉండి ఉంటుందని కొందరంటారు. వాక్యంలో ఆ మాట లేదు. లేని దోషాన్ని చనిపోయినవాడి మీద మోపడం మనకు తగదు. ఉజ్జా ఉద్దేశం మంచిదే కావచ్చు. దావీదు ఉద్దేశమైతే నిస్సందేహంగా మంచిదే. కష్టమంతా అక్కడే ఉంది. ఉద్దేశం మంచిదైతే, గమ్యం సరైనదైతే, భక్తి నిజమైనదైతే చాలని మనమనుకుంటాం. ఈ ముగ్గురి కథ, అంటే దావీదు, ఉజ్జా, ఎద్దుల కథ, అది చాలదని చెబుతోంది.

అసలు ఆ బండి ఆలోచన ఎక్కడిది? దీని జవాబు 1 సమూయేలు 6వ అధ్యాయంలో ఉంది. ఏలీ కాలంలో యుద్ధంలో గెలిచి మందసాన్ని పట్టుకుపోయిన ఫిలిష్తీయులు, ఏడు నెలలు నానా తిప్పలు పడి దాన్ని తిప్పి పంపాలనుకున్నారు. ఎలా పంపాలో వారికి తెలియదు. తమ యాజకులనూ శకునం చూసేవారినీ అడిగారు. వారి సలహా మీద కొత్త బండి చేయించి, ఎన్నడూ కాడి మోయని రెండు పాడి ఆవులను కట్టి, దూడలను ఇంటి దగ్గర ఉంచి పంపేశారు. ఆ ఆవులు దూడల కోసం వెనక్కి తిరగకుండా నేరుగా బేత్షెమెషు దారి పట్టాయి. అక్కడ బండి పనిచేసింది. దేవుడు వారిని బండి విషయంలో శిక్షించలేదు. ధర్మశాస్త్రం తెలియనివారు, తమకు తోచిన మర్యాద తాము చేశారు. అదే బండి ధర్మశాస్త్రం చేతిలో ఉన్న ప్రజల దారిలోకి వచ్చేసరికి లెక్క మారిపోయింది. ఎక్కువ తెలిసినవాడి దగ్గర ఎక్కువ లెక్క అడుగుతారని ప్రభువు కూడా చెప్పాడు కదా (లూకా 12:47-48).

మరి ధర్మశాస్త్రం ఏమంటోంది? ఇక్కడ సంఖ్యాకాండంలోకి వెళ్లాలి. చాలామంది పాఠకులు జనాభా లెక్కలని దాటేసే పుస్తకమది. ప్రత్యక్ష గుడారం ప్రతిష్ఠ జరిగినప్పుడు ఇశ్రాయేలు ప్రధానులు ఆరు గూడుబండ్లు, పన్నెండు ఎద్దులు కానుకగా తెచ్చారు. దేవుడు వాటిని తీసుకోమన్నాడు. మోషే వాటిలో రెండు బండ్లు, నాలుగు ఎద్దులు గెర్షోనీయులకు ఇచ్చాడు. వారి పని తెరలు, కప్పులు మోయడం. నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు మెరారీయులకు ఇచ్చాడు. వారివి పలకలు, స్తంభాలు, దిమ్మలు, బరువైన సామాను. మూడో గుంపు కహాతీయులు. మందసం, బల్ల, దీపవృక్షం, బలిపీఠాలు వారి బాధ్యత. వారికి మాత్రం ఒక్క బండి కూడా ఇవ్వలేదు. పరిశుద్ధమైన వాటిని వారు భుజాల మీదే మోయాలన్నది ఆజ్ఞ (సంఖ్యా 7:3-9). మందసం చేయించినప్పుడే దానికి నాలుగు ఉంగరాలు పెట్టించి, తుమ్మకర్ర మోతకర్రలకు బంగారు రేకు పొదిగించి ఆ ఉంగరాల్లో దూర్పించాడు. ఆ కర్రలను ఎన్నడూ తీయవద్దన్నాడు (నిర్గమ 25:14-15). అంటే మందసం ఎక్కడున్నా, ఎన్నాళ్లున్నా, దాన్ని ఎలా మోయాలో దాని రూపమే చెబుతూ ఉంటుంది. అబీనాదాబు ఇంట్లో అన్నేళ్లూ ఆ కర్రలు అందరి కళ్ల ముందూ ఉండే ఉంటాయి. వాటిని చూసి కూడా ఎవరికీ భుజం గుర్తు రాలేదు, బండి గుర్తొచ్చింది!

ముట్టుకుంటే చస్తారన్న హెచ్చరిక కూడా కొత్తది కాదు (సంఖ్యా 4:15). అయితే ఆ అధ్యాయంలోనే నాలుగు వచనాల తర్వాత, కహాతీయులు చావకుండా బ్రతికేలా ఇలా చేయండి అని దేవుడు మోషే అహరోనులకు చెప్పడం కనిపిస్తుంది. ఎవరు ఏం కప్పాలి, ఎవరు ఎక్కడ నిలవాలి, ఎవరు ఏం మోయాలి అని అంత వివరంగా చెప్పడం వెనక ఉన్నది ఉచ్చు కాదు, ప్రేమ. కరెంటు స్తంభం మీద ఎర్ర అక్షరాలతో హెచ్చరిక రాసినవాడు మన మీద పగతో రాయడు. ఉజ్జా మరణం కఠినమైనదే. దాన్ని తక్కువ చేసి చెప్పలేం. కానీ ఆ మరణాన్ని తప్పించడానికి కావలసిన ప్రతి మాటా వందల ఏళ్ల ముందే రాసిపెట్టి ఉంది. ఎవరూ తెరిచి చూడలేదు.

రాజు చూడాల్సింది. ఇశ్రాయేలులో రాజైనవాడు ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాయించుకొని దాన్ని దగ్గర పెట్టుకొని బ్రతికినన్నాళ్లూ చదవాలన్నది నియమం (ద్వితీ 17:18-19). దావీదు ఈ పనికి ముందు ఎవరిని సంప్రదించాడో దినవృత్తాంతాల గ్రంథకర్త జాగ్రత్తగా నమోదు చేశాడు. సహస్రాధిపతులతో, శతాధిపతులతో, అధిపతులందరితో మాట్లాడాడు. జనమంతా బాగుందన్నారు. అందరి దృష్టికీ అది సరైనదిగా కనిపించింది (1 దిన 13:1-4). కమిటీ వేశారు, తీర్మానం ఏకగ్రీవమైంది, ఖర్చుకు వెనకాడలేదు. అడగవలసిన ఒక్కరినే అడగలేదు.

వేదాంత కళాశాలలో మాకు పాత నిబంధన బోధించేటప్పుడు, గ్రంథకర్త ఏం రాశాడన్నదే కాదు, ఏది ఎక్కడ పెట్టాడో కూడా చూడమనేవారు. దినవృత్తాంతాల్లో ఉజ్జా మరణం 13వ అధ్యాయంలో ఉంది. మందసం మళ్లీ కదలడం 15లో ఉంది. మధ్యలో 14వ అధ్యాయంలో ఫిలిష్తీయులతో రెండు యుద్ధాలు. మొదటి యుద్ధానికి దావీదు దేవుణ్ణి అడిగాడు. వెళ్లమన్నాడు, వెళ్లి గెలిచాడు. రెండోసారి అదే శత్రువు, అదే లోయ. మొన్న గెలిచిన పద్ధతే ఉంది, మళ్లీ అడగడం దేనికి? అయినా దావీదు అడిగాడు. ఈసారి ఎదురుగా వెళ్లవద్దు, చుట్టూ తిరిగి వెళ్లు, చెట్ల కొనల్లో అడుగుల చప్పుడు వినబడినప్పుడు కదులు అని జవాబు వచ్చింది. నిన్నటి విజయం నేటి ఆజ్ఞ కాదని దావీదుకు అంత బాగా తెలుసు. యుద్ధం ప్రమాదకరమైనది కాబట్టి అడిగాడు. మందసం ఊరేగింపు భక్తి పని కాబట్టి అడగలేదేమో! పరిచర్యలో ఉన్నవారికి ఇంతకంటే దగ్గరి విషయం లేదు. కూతురి పెళ్లికి, కొడుకు చదువుకు, అప్పు తీర్చడానికి మోకాళ్లూని ప్రార్థిస్తాం. ప్రభువు పనికి మాత్రం, ఇది ప్రభువు పనే కదా ఇంకేం అడగాలి అని మొదలుపెట్టేస్తాం.

ఆ మధ్య ఒక యువ సువార్తికుడు మమ్మల్ని కలిశాడు. చురుకైనవాడు, కష్టపడే మనిషి, ప్రార్థనాపరుడు కూడా. తన ఊళ్లో రెండు రోజుల సభలు పెడుతున్నాడు. కరపత్రం నమూనా చూపించాడు. కుంటివారు నడుస్తారు, ఉద్యోగాలు వస్తాయి, వీసాలు వస్తాయి, అప్పులు తీరతాయి అని పెద్ద అక్షరాలతో ఉంది. కింద సువార్త అన్న మాట చిన్నగా ఉంది. ‘‘బాబూ, ఇవన్నీ జరుగుతాయని ప్రభువు నీకు చెప్పాడా?’’ అని అడిగాం. కాసేపు తల వంచుకున్నాడు. తర్వాత, ‘‘చెప్పలేదండీ అయ్యగారూ. కానీ ఇలా వెయ్యకపోతే జనం రారు. వస్తే వాక్యం వింటారు. వింటే రక్షణ పొందుతారు. రావడమే ముఖ్యం కదండీ, ఎలా వస్తే ఏముంది?’’ అన్నాడు.

అబద్ధాలకోరు మాట కాదది. ఆత్మల కోసం ఆరాటపడేవాడి మాట. అందుకే దానికి ఓపికగా జవాబివ్వాలి. ఎలా వస్తే ఏముంది అన్నది దావీదు బండిలోనూ ఉంది. మందసం యెరూషలేము చేరడం ముఖ్యం, ఎలా చేరితే ఏముంది?

ఫలితం వస్తే పద్ధతి సరైనదేనని మనం నమ్ముతాం. ఈ నమ్మకాన్ని మోషే కథ పగలగొడుతుంది. అరణ్యంలో నీళ్లు లేనప్పుడు మొదటిసారి బండను కొట్టమని దేవుడు చెప్పాడు (నిర్గమ 17). ఏళ్లు గడిచాక కాదేషులో మళ్లీ నీళ్ల కోసం గొడవ. ఈసారి బండతో మాట్లాడమన్నాడు. జనం మీద విసిగిపోయిన మోషే కర్ర ఎత్తి రెండుసార్లు కొట్టాడు (సంఖ్యా 20). నీళ్లు వచ్చాయా? వచ్చాయి. సమృద్ధిగా వచ్చాయి. జనం తాగారు, పశువులు తాగాయి. ఆ రోజు అక్కడున్న ఎవరిని అడిగినా మోషే పరిచర్య దీవెనకరంగా జరిగిందనే చెప్పేవారు. ఫొటోలు తీసే రోజులైతే మంచి ఫొటోలు వచ్చేవి. కానీ ఆ నీళ్ల దగ్గరే, వాగ్దాన దేశంలోకి నువ్వు ఈ జనాన్ని తీసుకెళ్లవు అన్న తీర్పు మోషే విన్నాడు. దాహంతో ఉన్న ప్రజల మీద జాలితో దేవుడు నీళ్లిచ్చాడు. సేవకుడి అవిధేయతకు అది ఆమోదముద్ర కాదు. ఇటు యిర్మీయాను చూడండి. నలభై ఏళ్ల పరిచర్య. చెప్పమన్నది చెప్పినట్టే చెప్పాడు. బురదగుంటలో దించారు, రాయించిన గ్రంథపు చుట్టను రాజే చాకుతో కోసి నిప్పుల్లో వేశాడు, చివరికి యెరూషలేము కూలిపోయింది. వార్షిక నివేదికలో రాసుకోవడానికి యిర్మీయా దగ్గర ఏముంది?

కాబట్టి ఆ యువకుడికి మేం చెప్పింది ఒక్కటే. నువ్వు పిలిచినదాన్ని బట్టి జనం వస్తారు. వీసా కోసం వచ్చినవాడికి వీసా రాకపోతే, వాడు నిన్ను కాదు, యేసుప్రభువును అబద్ధికుడంటాడు. నీ కరపత్రం మీద ఉన్నది నీ పేరు కాదు, ఆయన పేరు. అతను ఆ కరపత్రం మార్చాడు. సభలకు జనం తక్కువే వచ్చారని తర్వాత తెలిసింది. అతని బాధ మాకు అర్థమైంది. ఓదార్చడానికి గొప్ప సాక్ష్యమేదీ మా దగ్గర లేదు.

మన తెలుగు నేల మీదే ఈ విషయంలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1876-78 సంవత్సరాల్లో దక్షిణ భారతదేశాన్ని గొప్ప కరువు పట్టింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీగా ఉన్న జాన్ క్లౌ దొర సేవకు రాకముందు సర్వేయరుగా పనిచేసిన మనిషి. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా పని కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవారికి పని, కూలి, తిండి దొరికాయి. మతం అడగకుండా పని ఇచ్చాడు. ఆయన బోధకులే మేస్త్రీలు. పగలు పలుగూ పారా, విశ్రాంతి వేళల్లో వాక్యం. సహజంగానే బాప్తిస్మం కావాలని వందలాది మంది అడగడం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఆలోచించండి. ఎదుట జనం. వారే అడుగుతున్నారు. కొన్నేళ్ల కిందట, అంటే 1853లో, ఈ తెలుగు మిషన్‌కు ఫలితాలు లేవని మూసేయాలన్న చర్చ అమెరికాలో గట్టిగా జరిగింది. లెక్క చూపించడానికి ఇంతకంటే మంచి సమయం ఏముంటుంది? క్లౌ దొర ఇవ్వనన్నాడు. కరువు సాయం తన చేతుల మీదుగా జరుగుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం లేదన్నాడు. బియ్యం కోసం వచ్చేవాడెవరో, ప్రభువు కోసం వచ్చేవాడెవరో ఆ పరిస్థితిలో తేల్చలేమని ఆయన భయం. పదిహేను నెలలు అలాగే ఆపాడు. ఆ నెలల్లో ఎంతమంది కలరాతో, ఆకలితో పోయారో! అడిగినవారిలోనూ కొందరు బాప్తిస్మం పొందకుండానే కన్నుమూసి ఉంటారు. ఒక సేవకుడి గుండె మీద అది ఎంత బరువో పాస్టర్లకు తెలుసు. అయినా మాట మీద నిలబడ్డాడు.

1878 జూన్ నాటికి సాయం పనులు ముగిశాయి. ఇక ఇవ్వడానికి తన దగ్గర డబ్బు లేదని స్పష్టంగా చెప్పాడు. జనం సాయం కోసం రాలేదని చెప్పి అక్కడే కూర్చున్నారు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కొక్కరినీ విచారించి, ఊరి బోధకులతో సరిచూసి, జూలై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి బాప్తిస్మం ఇచ్చారు. బాప్తిస్మమిచ్చింది దొర కాదు, అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి చొప్పున వంతులవారీగా. ఆ ఏడాది ముగిసేసరికి లెక్క తొమ్మిది వేలు దాటింది. ఈ అంకెలనే మనవాళ్లు సభల్లో గొప్పగా చెబుతారు. 2,222 అన్న సంఖ్య ఒంగోలు వైపు చిన్న పిల్లలకూ వచ్చు. దానికి ముందున్న సున్నాల పదిహేను నెలల గురించి ప్రసంగించేవారు తక్కువ. మాకైతే ఆ పదిహేను నెలలే గొప్పగా కనిపిస్తాయి.

సరే, మరి మన కాలపు కొత్త బండ్లు ఏవి? ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. కొత్తది కాబట్టి చెడ్డదని కొందరు భక్తులు తేల్చేస్తారు. వారికి కీబోర్డు బండే, ప్రొజెక్టరు బండే, సెల్‌ఫోనులో బైబిలు చదివితే అది కూడా బండే. గూడుబండ్లను గెర్షోనీయులకు ఇమ్మన్నది దేవుడేనని మరిచిపోకూడదు. తెరలు మోయడానికి బండి తప్పు కాదు. 2020లో కరోనా వచ్చి ఆలయాల తలుపులు మూతపడినప్పుడు ఫోన్ల ద్వారానే వాక్యం ఇళ్లకు చేరింది. మంచాన ఉన్న వృద్ధులు ఇప్పటికీ అలాగే ఆరాధనలో పాల్గొంటున్నారు. దేవుడు స్వేచ్ఛనిచ్చిన చోట మనం కొత్త ఆజ్ఞలు రాయకూడదు. అదీ అవిధేయతే. అసలు ప్రశ్న, భుజం మీద మోయమని చెప్పిన వాటిని మనం దేని మీద పెడుతున్నామన్నదే.

బండికీ భుజానికీ తేడా ఏమిటి? బండి మీద పెడితే బరువు ఎద్దులది. మనం పక్కన పాడుకుంటూ నడవొచ్చు. భుజం మీద పెడితే ప్రతి అడుగులో బరువు తెలుస్తుంది. పక్కవాడితో అడుగు కలపాలి. ఒకడు తొందరపడితే మందసం వంగుతుంది. చావుబతుకుల్లో ఉన్న విశ్వాసి మంచం పక్కన కూర్చోవడం భుజం మీది పని. దానికి వాట్సాప్‌లో ఒక వాక్యం పంపి ఊరుకుంటే మందసాన్ని బండెక్కించినట్టే. తప్పిపోయిన సహోదరుడి దగ్గరికి ఒంటరిగా వెళ్లి మాట్లాడమని ప్రభువు చెప్పాడు (మత్తయి 18:15). దాన్ని పులుపిటు నుండి పేరు చెప్పకుండా గుచ్చి మాట్లాడటం బండి. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాడికి పెద్దరికం అప్పగించవద్దని పౌలు తిమోతికి రాశాడు (1 తిమోతి 3:6). డబ్బున్నవాడు, పలుకుబడి ఉన్నవాడు సంఘంలోకి రాగానే మరుసటి ఏడు కమిటీలో కూర్చోబెట్టడం బండి. చక్రాలు చక్కగానే తిరుగుతాయి, కళ్లం వచ్చేదాకా.

డబ్బు విషయం కాస్త విడిగా చెప్పాలి. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పౌలు అనేక సంఘాల్లో చందా పోగుచేశాడు. అపొస్తలుడు, మూడో ఆకాశం చూసినవాడు. నన్ను నమ్మండి అంటే నమ్మనివారెవరు? అయినా ఆ డబ్బును తనొక్కడే మోసుకెళ్లలేదు. తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న మరో సహోదరుణ్ణి జతచేశాడు. ఈ ధనం విషయంలో తమ మీద ఎవరూ తప్పు మోపకుండా ఉండాలని, దేవుని ఎదుటే కాదు మనుషుల ఎదుట కూడా సవ్యంగా ఉండాలని దానికి కారణం చెప్పాడు (2 కొరింథీ 8:16-21). లెక్క అడిగితే విశ్వాసం లేదంటారు మనలో కొందరు. దైవజనుణ్ణి ప్రశ్నిస్తే శాపం తగులుతుందని బెదిరించేవారూ ఉన్నారు. పౌలు మాత్రం ఎవరూ అడగకముందే సాక్షులను పెట్టుకున్నాడు. సంఘంలో ఇద్దరు ముగ్గురు కలిసి కానుకలు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, నెలకోసారి చదివి వినిపించే పల్లె సంఘాలు మన దగ్గర చాలా ఉన్నాయి. పిడికెడు బియ్యం అమ్మిన డబ్బు కూడా రాస్తారు. కోట్లు తిరిగే చోట ఆ పుస్తకం కనబడకపోవడం విచిత్రం.

దేవుడు నాకు స్వయంగా చెప్పాడు అనే మాట గురించి కూడా ఒక సంగతి. యూదా నుండి బేతేలుకు వెళ్లిన ఒక దైవజనుడి కథ 1 రాజులు 13లో ఉంది. యరొబాము రాజు ఎదుట ధైర్యంగా ప్రవచించాడు. రాజు భోజనానికి పిలిస్తే, ఇక్కడ తినవద్దు, తాగవద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్లవద్దు అని తనకు ఆజ్ఞ ఉందని వెళ్లిపోయాడు. రాజుకు లొంగనివాడు ఒక ముసలి ప్రవక్తకు లొంగాడు. నేనూ నీలాంటి ప్రవక్తనే, దేవదూత నాతో చెప్పాడు, ఇంటికి రా అని అతడు అబద్ధమాడాడు. వెళ్లి భోంచేశాడు. తిరుగు దారిలో సింహం చంపింది. బయటి నుండి వచ్చే ఒత్తిడిని ఎదిరించే సేవకులు మనలో ఉన్నారు. పెద్ద సేవకుడు, వయసు మళ్లినవాడు, పేరున్నవాడు ప్రభువు చెప్పాడంటే మాత్రం చేతిలో ఉన్న స్పష్టమైన వాక్యాన్ని పక్కన పెట్టేస్తాం. పెద్దలను గౌరవించాలి. కాదనడం లేదు. కానీ దేవదూత పేరు చెప్పినా, రాసి ఉన్నదానికి వ్యతిరేకంగా ఉంటే భోజనం దగ్గర కూర్చోకూడదు.

ఇదంతా ధర్మశాస్త్ర కాలపు సంగతి, మనం కృపలో ఉన్నాం కదా అని అడిగేవారికి యేసుప్రభువునే చూపించాలి. అరణ్యంలో అపవాది ఆయనకు లోక రాజ్యాలన్నీ చూపించి ఇస్తానన్నాడు. ఆ రాజ్యాలు ఎవరివి? కుమారునికే స్వాస్థ్యంగా ఇస్తానని తండ్రి ముందే వాగ్దానం చేశాడు (కీర్తన 2). అంటే గమ్యం తప్పు కాదు. అపవాది చూపించింది దగ్గరి దారి. సిలువ లేని దారి. ఎలా వస్తే ఏముంది, రాజ్యాలు రావడమే కదా ముఖ్యం అన్నదే ఆ శోధన. ఆయన కాదన్నాడు. గెత్సేమనేలో చెమట రక్తపు బిందువుల్లా కారుతున్నా తన చిత్తాన్ని తండ్రి చిత్తం కింద పెట్టాడు. కల్వరికి మోసింది భుజం మీదే.

మళ్లీ దావీదు దగ్గరికి వద్దాం. మూడు నెలలు మందసం ఓబేదెదోము ఇంట్లో ఉంది. ఆ ఇల్లు దీవించబడింది. మందసం ప్రమాదకరమైనది కాదని, దేవుని కోపం శాశ్వతం కాదని దావీదుకు అప్పుడు తెలిసింది. ఈసారి సహస్రాధిపతులతో మొదలుపెట్టలేదు. యాజకులైన సాదోకునూ అబ్యాతారునూ, లేవీయుల పెద్దలనూ పిలిచాడు. మొదటిసారి మనం దేవుణ్ణి విధి ప్రకారం వెదకలేదు, అందుకే ఇలా జరిగింది అని వారితో ఒప్పుకున్నాడు (1 దిన 15:13). తప్పును ఉజ్జా సమాధి మీదికి నెట్టలేదు. ఎద్దుల మీదికీ నెట్టలేదు. మనం అన్నాడు. రాజు నోటి వెంట ఆ మాట రావడానికి మూడు నెలలు పట్టింది.

రెండో ప్రయాణానికి గ్రంథకర్త పేర్లూ లెక్కలూ ఇస్తాడు. కహాతు వంశం నుండి 120 మంది, మెరారి నుండి 220, గెర్షోము నుండి 130, ఎలీషాపాను నుండి 200, హెబ్రోను నుండి 80, ఉజ్జీయేలు నుండి 112. మొత్తం 862 మంది. మొదటి ముప్పై వేలతో పోలిస్తే చిన్న గుంపు. సంగీతం ఈసారీ ఉంది, ఇంకా పద్ధతిగా ఉంది. పాట నేర్పడానికి కెనన్యా ఉన్నాడు. మందసానికి కావలివాడుగా నియమించిన వారిలో ఓబేదెదోము పేరు కనిపిస్తుంది. మోతకర్రలు భుజాలకెత్తుకున్నారు. ఆరు అడుగులు వేశారు. ఆగారు. ఎవరూ చావలేదు. ఒక ఎద్దునూ క్రొవ్విన దూడనూ అక్కడ బలి అర్పించారు.

దావీదు నాట్యం చూసి రాణి మీకాలు కిటికీలో నుండి ముఖం తిప్పుకుంది. విధేయతతో చేసిన పనికి ఇంట్లో మెప్పు దొరుకుతుందన్న హామీ ఏమీ లేదు. మందసం గుడారంలో దాని చోట దిగింది. దావీదు జనాన్ని దీవించి, స్త్రీ పురుషులందరికీ తలా ఒక రొట్టె, ఒక మాంసం ముక్క, ఎండు ద్రాక్షల అడ ఒకటి పంచి, ఎవరి ఇళ్లకు వారిని పంపించాడు.